ఉప్పెన జీపు

ఉప్పెనలో యజమానితో సహా మునిగిపోయిన జీపది. ఇన్నేళ్లకు నాగాయలంక మెకానిక్కు తోమాసు దానికి కొత్త కార్బొరేటర్ బిగించాడు. పొద్దున్నే పెళ్లివారికి అప్పజెప్పాలి. కరెంటు పోయినా పని ఆపలేదు. ట్యూనింగుకు చెవులుంటే చాలు, కళ్లెందుకంటాడు. చీకట్లోనే సెల్ఫు కొట్టి, స్క్రూ అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు. దగ్గుతున్న ఇంజను మెల్లగా కుదురుకుని, నిద్రపోయే మనిషి ఊపిరిలా సాగింది.

భార్య దయామణి లాంతరుతో వచ్చి జీపు ముందు నిలబడింది.

"ఇదేంటండీ, పెట్రోలు పైపు తగిలించనేలేదు?"

నిజమే. పైపు విడిగా వేలాడుతోంది. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. తోమాసు కార్బొరేటర్ అడుగు బోల్టు వదులు చేసి, వేళ్ల మీదికి కారినదాన్ని నాలుకకు తాకించాడు. ఉప్పునీళ్లు.

"పక్కకి తప్పుకో, దయామణీ!" అంటూ వెళ్లి తాళంచెవి లాగేశాడు.

ఇంజను ఆగలేదు. ఖాళీ జీపులో గేరు పడిన చప్పుడైంది.