పాలంత పలచగా

"పాలంత పలచగా కలపమన్నానా లేదా? గడ్డపెరుగు పోశావేంటే ఇందులో? వాడాక కడిగి పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే చిట్టీ?"

కింది వాటాలోంచి పెద్దాయన గొంతు మేడ మీదికి వినిపించింది. కొత్తగా అద్దెకు దిగిన ఫ్రిజ్ మెకానిక్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. సాయంత్రమైతే చాలు, తిట్ల దండకం మొదలు. ఆ తిట్లు తినేది చిన్నపిల్ల కూడా కాదు. నలభై దాటిన కూతురు.

ఊరకున్నంత ఉత్తమమూ, బోడిగుండంత సుఖమూ లేవంటారు. మెకానిక్‌కి బోడిగుండయితే ఉంది గాని, ఊరకుండటం చేతకాదు. మర్నాడు పొద్దున్నే కిందికి దిగాడు.

వరండాలో బల్ల మీద ఓడ ఉంది. అసలు ఓడను వందో వంతుకి కుదించి పెద్దాయన ఒకప్పుడు కట్టిన నమూనా. రంగు సగంలో ఆగిపోయింది. పక్కనే కూర్చున్న కూతురి చేతిలో పెన్నులాంటి ఎయిర్‌బ్రష్. మీట నొక్కితే గాలితో కలిసి రంగు పొగమంచులా రావాలి. అది రెండు చుక్కలు ఉమ్మి ఊరుకుంటోంది.

"ఇలా ఇవ్వండక్కా. ఊళ్ళో సగం కంప్రెసర్లకి ఊపిరి పోసింది నేనే."

"మీకెందుకు శ్రమ తమ్ముడూ. ఉండనివ్వండి."

వింటేగా. సూది లాగాడు. నాజిల్ విప్పాడు. రంగు కరిగించే థిన్నర్‌లో నానబెట్టి, ఎండిన రంగంతా గీకి తీశాడు. నీళ్ళు పోసి చూస్తే సన్నగా, సమంగా చిమ్మింది. మురిసిపోతూ మేడెక్కాడు.

సాయంత్రం మళ్ళీ, "ఏమే చిట్టీ, ఇదేం పనే?"

గాలి గొట్టంలో చెమ్మ చేరుతోందేమో అనుకుని నీళ్ళు పట్టే ఫిల్టర్ తెచ్చి బిగించాడు. గాలి ఒత్తిడి తగ్గించాడు, పెంచాడు. సూది మార్చాడు. రంగును పల్చటి గుడ్డలో వడకట్టి ఇచ్చాడు. ఏం చేసినా పొద్దున బాగున్నది సాయంత్రానికి పూడుకుపోయేది.

"కడగడం మరిచిపోయా తమ్ముడూ," అని ఆమె తల దించుకునేది.

పెద్దాయన గదిలోంచి బయటికొచ్చేది ఆ ఒక్క వేళకే. తిడుతూనే బ్రష్ లాక్కుని, కూతురి పక్కన కూర్చుని, ముక్కముక్కా విప్పేవారు. ఆమె చెవులప్పగించి వినేది. మెట్ల మీద నుంచి చూస్తే ఆమె కళ్ళు తడిగా కనిపించేవి. కోల్డ్ స్టోరేజీలను దారికి తెచ్చినవాడు, పెన్నంత పనిముట్టు ముందు చేతులెత్తేశాడు. ఆమెకు ఆ మాటలు తప్పించలేకపోతున్నందుకు రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

ఆదివారం పట్టుబట్టి ఆమె పక్కనే కూర్చున్నాడు. రంగు తనే కలిపాడు. గిన్నె అంచుకి రాసి చూస్తే పాలలా జారింది. పూత పూతకీ బ్రష్ తనే కడిగి ఇచ్చాడు. పొద్దు వాలేసరికి ఓడ ఒక పక్కంతా నున్నగా తయారైంది.

"ఇంక చాలు తమ్ముడూ. మిగతాది నేను చూసుకుంటాను. మీరు వెళ్ళండి."

"భలేవారే. ఇవాళ్టితో మీకు తిట్లు బంద్ అక్కా."

ఆమె బ్రష్ కోసం చేయి చాచింది. మెకానిక్ మాత్రం ఇవ్వకుండా దాన్ని ఇంకోసారి కడిగి, తుడిచి, రంగు నింపి సిద్ధంగా ఉంచాడు.

వేళకి పెద్దాయన వచ్చారు. బ్రష్ అందుకుని మీట నొక్కారు. రంగు పొగమంచులా వచ్చింది. నాజిల్ తిప్పి చూశారు, గిన్నెలోకి తొంగి చూశారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. బ్రష్ కింద పెట్టి, ఓడను ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, కూతురి వైపు తిరిగి మర్యాదగా నవ్వారు.

"చాలా చక్కగా వేశారండీ, ఇంతకీ మీరు ఎవరి తాలూకు?"