గోడ లేని గ్రౌండు

అమెరికాలో ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ ఆడి వచ్చిన సిద్ధార్థ్, సిరోంచ పోటీల్లో మొదటి తన్నుకే బంతిని ప్రాణహిత నదిలో పడేశాడు.

జనం పడీ పడీ నవ్వారు. అప్పటిదాకా మైకులో ‘అమెరికా స్టార్’ అని ఊదరగొట్టిన వినయ్‌కుమార్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. బడిలో ఉన్నప్పుడు జట్టు కెప్టెన్ అతనే.

“గోల్ అటుంటె ఇటెందుకు తన్నినవ్ రా?”

“గోడ ఉందనుకున్న.”

“గోడేంది?”

“నేనాడింది హాల్ల ఆట. చుట్టూ గోడలుంటయ్. గోడకు తంతే బంతి మల్ల మన కాళ్ళకాడికే వస్తది. గా పనిల నన్ను మించినోడు లేకుండె. తెల్లోళ్ళు సుత పరేషాన్ అయ్యేటోళ్ళు.”

“గంత మంచిగ యాడ నేర్చినవ్?”

“ఈడనే. మీరు పారేసిన పాత బంతితోని, మన బడి గోడకు. కెప్టెన్‌వి నువ్వే గద, ఊరవతలి మా వాడోళ్ళకు ఎన్నడన్న పాస్ ఇచ్చినవా? నాకు బంతి తిరిగిచ్చింది ఆ గోడొక్కటే.”

వినయ్‌కుమార్ నవ్వు ఆగిపోయింది. కాసేపు మైకు తీగ సరిచేస్తున్నట్టు నటించాడు. తర్వాత ప్యాంటు మడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, బంతి తెచ్చి సిద్ధార్థ్ కాళ్ళకు పాస్ ఇచ్చాడు.

సిద్ధార్థ్ దాన్ని నెమ్మదిగా ఆపాడు. గోల్ వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ నదిలోకే తన్నాడు.

“పోయి తే. నీకు జర అలవాటు కావాలె.”