దీపక్ పేరున చలివేంద్రం

మా ఊరి అమ్మవారి తిరునాళ్ళలో ఈ ఏడు నేను చలివేంద్రం పెట్టాను. పోయిన ఏడు ఇదే తిరునాళ్ళలో ఎండదెబ్బ తగిలి మా దీపక్ చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు. వాడి పేరునే పెట్టాను.

చెరుకుపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామె రెండు గ్లాసులు గటగటా తాగి, మూడోది మొహాన చల్లుకుంది.

“చల్లని తల్లివమ్మా. నీ పిల్లలు నూరేళ్ళు బతకాల!”

నేను ఇంకో గ్లాసు ముంచాను.

“పోయినేడు కూడా వచ్చానే. ఇక్కడుండే కుండలు ఎవరో తీయించారంట. గొంతు తడుపుకోవాలన్నా ముప్పై పెట్టి సీసా కొనాల్సిందే. అమ్మవారి దగ్గర కూడా ఏంటమ్మా ఈ యాపారం? తీయించినోళ్ళ కడుపు కాల!”

“కాలిందండి, పిన్నిగారూ.”

“అవునా! ఎవరో తెలుసా నీకు?”

పోయిన ఏడు తిరునాళ్ళలో నీళ్ళ సీసాలు అమ్మే హక్కు వేలంలో పాడుకున్నది నేనే. ఊరికే నీళ్ళు పోస్తుంటే నా సీసాలు ఎవరు కొంటారని కమిటీవాళ్ళతో పోట్లాడి మరీ కుండలు ఎత్తించాను. నా కొట్టు గుడి అవతల ఉంది. రథం లాగి లాగి దాహమేసి, ఏటా ఉండే కుండలే కదా అని దీపక్ ఇక్కడికి వచ్చాడట. ఇక్కడే పడిపోయాడట.

“ఈ ఊరామేనండి,” అన్నాను. “పట్టండి, ఇంకో గ్లాసు తాగండి.”