వెదురు పూసిన వాలు

ఆకాశంలోని కన్ను, అడవిని కాపు కాసే ఉపగ్రహం, రోజూ కొండను చెట్టు చెట్టునూ చూస్తుంది. ఆ ఉదయం సింగమ్మ ఫోన్ ఎర్రబడింది: "అవతలి వాలు నరికేశారు. సాయంత్రంలోగా రుజువు పంపకుంటే ఊరికి అడవి హక్కు రద్దు."

ఊరి తరఫున దానికి అడవి కొలతలు పంపేది ఆమే. అవ్వతో కలిసి కొండెక్కింది. వెదురంతా నిలువునా ఎండిపోయి ఉంది.

"ఎవరూ నరకలేదే! ఎందుకు చచ్చిందవ్వా?"

"పూసి, గింజలు రాల్చి చచ్చిందే పిల్లా. నలభై ఏళ్లకోసారి అంతే. నా పెళ్లినాడు చూశా. నీ కన్ను వయసెంత?"

"ఇరవై."

"పసిది, దానికేం తెలుసు!" అవ్వ ఎండుటాకులు పక్కకు నెట్టింది.

కింద పచ్చని మొలకలు, వాలు పొడవునా. అడుగు మోపే చోటు లేక సింగమ్మ అలాగే నిలబడిపోయింది. ఫొటో పంపగానే ఎరుపు ఆరిపోయింది.

"ఇది ఎన్నడూ చూడలేదు. మళ్లీ ఎప్పుడు?" అని ఫోన్‌లో అడిగింది కన్ను.

సింగమ్మ వేళ్లు మడిచి లెక్కేసుకుంది. అప్పటికి ఆకులు పక్కకు నెట్టే అవ్వ తనే.