అప్పులేని కంపెనీ

"మీ కంపెనీకి ఇప్పటిదాకా అప్పు ఎంత ఉందమ్మా?"

ఈ ప్రశ్న అడుగుతారని దారి పొడవునా ఎదురుచూసింది ఉప్పలమ్మ. కిష్టారం వైపు నుంచి దంతెవాడ దాకా జీపులో ఒరుసుకుంటూ వచ్చింది దీనికి జవాబు చెప్పడానికే. పక్కన కూర్చున్న దీప వైపు ఓసారి గర్వంగా చూసి, కొంగు సర్దుకుంది. దీప కంపెనీ లెక్కలు రాసే పిల్ల.

"ఒక్క రూపాయి లేదు సార్. కంపెనీ పెట్టిన సంది ఎవ్వల ముందట చెయ్యి చాపలే."

బ్యాంకు మేనేజరు కలం కింద పెట్టేశాడు. విశాఖ వైపు మనిషి, ఈ ఊరికి బదిలీ అయి వారమే అయింది. అంతా హిందీ మాట్లాడే ఈ చోట తెలుగు మాట వినగానే విప్పారిన మొహం ఈ జవాబుతో మళ్ళీ ముడుచుకుపోయింది.

"అదేనమ్మా చిక్కు. అప్పు చేసి తీర్చినవాళ్ళకే మేం అప్పిస్తాం. అసలు చెయ్యనివాళ్ళను ఏం చూసి నమ్మాలి?"

ఉప్పలమ్మ ఎరిగిన లోకంలో అప్పున్నవాడు సంతకు కూడా పక్క దారిన పోతాడు. ఈ లోకంలో అప్పు లేనివాళ్ళకే మొహం చెల్లడం లేదు. ఆయన ఓపికగానే విడమరిచి చెప్పాడు. వంద సొంతానికి రెండు వందలు అప్పు కలిపితే లాభం మూడు వందల మీద వస్తుంది, వడ్డీ మాత్రం రెండు వందల మీదే పడుతుంది. పెద్ద కంపెనీలన్నీ అలాగే పెరిగాయి. ఒక అప్పు గడువు ముగిసేలోగా ఇంకొకటి తెచ్చి దాన్ని తీరుస్తాయి.

"మరి నష్టమొస్తే?" అని అడిగింది ఉప్పలమ్మ.

"పెద్దవాళ్ళకైతే గడువు పెంచుతాం."

"చిన్నోళ్ళకో?"

అంతలోనే తలుపు తోసుకుని లచ్చు శేఠ్ వచ్చాడు. ఊరూరా తిరిగి అడవి సరుకు కొనే వ్యాపారి. మేనేజరు లేచి నిలబడి మెత్త కుర్చీ చూపించాడు, చాయ్ చెప్పాడు.

"ఈయన్ని చూసి నేర్చుకోండమ్మా. మా దగ్గరే నలభై లక్షల అప్పుంది. పోయిన నెలలో ఇంకో పదిహేను ఇచ్చాం."

లచ్చు శేఠ్ సిగ్గుపడుతున్నట్టు తల వంచాడు. పెళ్ళిలో పెళ్ళికొడుకు కూడా అంత అందంగా తల వంచడు.

కంపెనీ అంటే అరవై మంది ఆడవాళ్ళు. సీజను మొదట్లో కొన్న చింతపండు గోదాము నిండా ఉంది. వానలు పడ్డాక ధర లేస్తుందని దాచారు. చేతిలో ఉన్న సొమ్మంతా అందులోనే పెట్టేశారు. చెట్ల మీద కాయ ఇంకా ఉంది. శుక్రవారం సంతలో ఆ పండుకు కంపెనీ నగదు ఇవ్వకపోతే ఆడవాళ్ళు దాన్ని సగం ధరకు లచ్చు శేఠ్ తక్కెట్లోనే పోయాలి. ఒక్కసారి అటు పోయినవాళ్ళు కంపెనీ గడప మళ్ళీ తొక్కరని ఉప్పలమ్మకు తెలుసు.

చివరికి మేనేజరే ఓ మెట్టు దిగాడు. శుక్రవారం అటువైపు వస్తున్నానని, బ్యాంకు ఇచ్చిన అప్పులకు హామీగా చూపిన సరుకులు తనిఖీ చేసే పని ఉందని, అదే చేత్తో వీళ్ళ సరుకూ చూస్తానని చెప్పాడు. సరుకు బాగుంటే ఏదో దారి వెతుకుదామన్నాడు.

జీపుల దగ్గర లచ్చు శేఠ్ వెనకనుంచి వచ్చి కలుసుకున్నాడు.

"బ్యాంకెందుకు చెల్లె, నేను లేనా? నూటికి మూడు రూపాయల వడ్డీ. సంతకం వద్దు, ఏం వద్దు."

"శుక్రారం దాక చూస్త అన్నా. కాకుంటే నీ కాడికే వస్త."

అతను పోయాక దీప మొహం మాడ్చుకుంది. "ఆయన పైసలు ముడితే కంపెనీ మునుగుతది అత్తా."

"మనిషి మరీ చెడ్డోడు కాదే," అంది ఉప్పలమ్మ.

పోయిన నెల లచ్చు శేఠ్ చుట్టాలని చెప్పి ఇద్దరు ప్యాంటువాళ్ళను వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. దాహమైందంటే ఉప్పలమ్మ గోదాము అరుగు మీద కూర్చోబెట్టి జావ పోసింది. వాళ్ళు చింతపండు గుట్టలను ఫోటోలు తీసుకున్నారు. పట్నంవాళ్ళు కోడి కనబడినా ఫోటో తీస్తారు. అందులో కళ్ళద్దాలాయన ఇదంతా ఎవరిదని హిందీలో అడిగాడు. గడపలో అతిథి ఉండగా 'నాది' అన్న మాట నోట రాకూడదని ఆమెకు అత్త నేర్పిన మర్యాద. వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ కూడగట్టుకుని, లచ్చు శేఠ్‌ను చూపించి, "సబ్ భయ్యా కా హై", అంతా అన్నదే, అంది. ఆ మాట తలుచుకుని దీప ఇప్పటికీ నవ్వుతుంది.

శుక్రవారం పొద్దున్నే గోదాము ఊడ్చారు. తలుపుకు నీలం రంగు కొత్తగా పూశారు. ఆడవాళ్ళు గంపలు దించుకుని చెట్ల కింద కూర్చున్నారు. సంతలో లచ్చు శేఠ్ మనుషులు అప్పటికే తక్కెడ కట్టేశారు. శేఠ్ మాత్రం జగదల్‌పూర్ పోయాడట.

బ్యాంకు జీపు ఎవరినీ దారి అడక్కుండానే నేరుగా నీలం తలుపు ముందు ఆగింది. ఉప్పలమ్మకు ప్రాణం లేచివచ్చింది. తాళం తీసి పక్కకు తప్పుకుంది. మేనేజరు ఫోనులోని బొమ్మను, ఎదుటి గుట్టలను మార్చి మార్చి చూశాడు. ఓ పండు తీసి వాసన చూశాడు, చిదిమి రంగు చూశాడు. ఎక్కడా బూజు లేదు. ఆయన తల ఊపిన ప్రతిసారీ బయట గంపల దగ్గర గుసగుసలు లేచాయి.

"ఇలా ఉండాలమ్మా సరుకంటే," అన్నాడు బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ. "దీని మీద ఎంత అప్పిచ్చినా భయం లేదు."

దీప ఉప్పలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నగదు ఎప్పుడిస్తారని అడగడానికి ఉప్పలమ్మ గొంతు సవరించుకుంది.

మేనేజరు జీపు వైపు అడుగేస్తూ అన్నాడు. "లచ్చు శేఠ్ గోదాము చూసేశాను, ఇక మీది చూపించమ్మా."