ఆరు డిగ్రీల టేపర్

లేత్‌లో రాడ్‌ను పట్టి తిప్పే చక్‌లో దాన్ని బిగించి, చక్ కీ తీసి పక్కన పెట్టాక గాని రాకేష్‌కి ఊపిరి కుదుటపడలేదు. వెనక ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చుని అతని చేతులనే చూస్తున్నారు. ఒకరు లేత్ షెడ్డు యజమాని చిరంజీవి, ఇంకొకరు ఆయన కూతురు నవనీత. పరీక్ష పెట్టింది ఆమే.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో షాఫ్ట్ విరిగినా పుల్లీ అరిగినా ముందు ఈ షెడ్డుకే పరిగెత్తుకొస్తారు. వారమంతా తీరిక ఉండదని, ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మని చిరంజీవి కబురు పెట్టాడు. కోదాడలో రాకేష్ పనిచేసిన షాపు వాళ్లు పాత లేత్ అమ్మేసి కంప్యూటర్ మిషన్ తెచ్చుకుని మూడు నెలలైంది. అప్పటి నుంచి అతను ఇంట్లోనే. చేతికి నూనె అంటని రోజు అతనికి అన్నం సయించదు. ఈ పని ఎలాగైనా దొరకాలని బస్సులో వస్తున్నంత సేపూ ప్రార్థించుకుంటూనే ఉన్నాడు. తల్లి అన్నమ్మ మాత్రం కొత్త తెల్ల చొక్కా తొడిగి పంపింది. లేత్ దగ్గరికి తెల్ల చొక్కా ఏమిటని ఎంత మొత్తుకున్నా ఆమె వింటేగా.

చిరంజీవి అడిగిన ప్రశ్నలూ కొంచెం తేడాగానే ఉన్నాయి. జీతం ఎంత కావాలని అడగలేదు. తాగుతావా అన్నాడు. లేదన్నాడు రాకేష్. ఇంట్లో ఎవరెవరున్నారన్నాడు. చెప్పాడు. కోపమొస్తే ఏం చేస్తావన్నాడు. బయటికెళ్లి టీ తాగి వస్తానన్నాడు. మిషన్ల మధ్య తాగుబోతునీ కోపిష్టినీ ఎవరు పెట్టుకుంటారు, అడగడం న్యాయమే అని రాకేష్ సర్దిచెప్పుకున్నాడు.

"ఇంతకుముందు నలుగురొచ్చిండ్రు బాబూ. నలుగుర్నీ మా పిల్లనే వద్దన్నది. జర సూసుకొని చెయ్," అన్నాడు చిరంజీవి.

నవనీత పొట్టి గొట్టం లాంటి ఇనుప బుష్ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది. దాని లోపలి రంధ్రం ఒకవైపు వెడల్పు, రెండోవైపు ఇరుకు. అందులో ఊగకుండా కూర్చునేలా రాడ్ కొనను టేపర్‌గా, అంటే చివరికి పోయేకొద్దీ సన్నబడేలా కోయాలి. కాగితం మీద బొమ్మ గీసి, మొత్తం కోణం ఆరు డిగ్రీలని రాసింది. పాలిటెక్నిక్ చదివి, ఏడేళ్లుగా తండ్రి పక్కన నిలబడి పనిచేస్తోందట. ఆ గీతల పొందిక చూసేసరికి రాకేష్‌కి ఇంకాస్త చెమట పట్టింది.

మిషన్ తిరగడం మొదలయ్యాక భయం పోయింది. టేపర్ కోసే స్లైడ్‌ను రెండు చేతులతో ఒకే వేగంతో తిప్పుతూ పోవాలి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ గీత పడుతుంది. రాకేష్ చేతులు ఆగలేదు. ఇనుప పొట్టు సన్నగా చుట్టలు తిరుగుతూ రాలింది. ఈలోగా ఫోన్ వస్తే చిరంజీవి బయటికి వెళ్లాడు. నవనీత చాయ్ తెస్తానని ఇంట్లోకి వెళ్లింది.

కొన అద్దంలా మెరుస్తోంది. బుష్‌లో పెట్టి చూశాడు. మొదట్లోనే తట్టుకుని లొడలొడమని ఊగింది. స్లైడ్ మీది అంకె చూసుకుంటే ఆరు మీద ఉంది. ఆరు డిగ్రీలంటే రెండు వైపులా కలిపి. స్లైడ్‌ను తిప్పాల్సింది అందులో సగం, మూడే. పనిలో చేరిన మొదటి నెల నేర్చుకునే పాఠం అది. గాభరాలో ఆరూ తిప్పేశాడు.

షెడ్డులో ఎవరూ లేరు. పక్కనే తుక్కు డబ్బా ఉంది. గోడవారన అలాంటి రాడ్లు ఇంకో పది ఉన్నాయి. చెడిన ముక్కను డబ్బాలో పడేస్తే అడిగే నాథుడు లేడు. రాకేష్ ఆ డబ్బా వైపు చూశాడు కూడా. చూశాడు గాని, తన చేతి తప్పును తుక్కులో దాచడానికి మనసొప్పలేదు.

నవనీత చాయ్ గ్లాసుతో వచ్చేసరికి ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మేడం, సగం పెట్టాల్సింది ఆరూ పెట్టిన. తప్పు నాదే. ఇంకో రాడ్ ఇస్తే మల్ల చేస్త. ఇయ్యకున్నా ఏమనుకోను."

ఆమె ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. ముందొచ్చిన వాళ్లలో ఇద్దరు ఇదే తప్పు చేశారట. ఒకడు మిషన్ లూజుగా ఉందన్నాడట. ఇంకొకడు ఆడపిల్ల గీసిన బొమ్మ ఇట్లాగే ఏడుస్తుందన్నాడట. చెబుతూ చెబుతూ ఆమె నవ్వేసింది. తానే వెళ్లి గోడవారనున్న రాడ్ ఒకటి తెచ్చిచ్చింది.

"ముందు చాయ్ తాగండి. తొందరేం లేదు."

రెండోసారి స్లైడ్ మూడు మీదే నిలిచింది. కొన తయారయ్యాక నవనీత దానికి పల్చగా నీలిరంగు పూసి, బుష్‌లో దూర్చి కొంచెం తిప్పి తీసింది. రంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా చెరిగింది. అంటే లోపల ఎక్కడా సందు లేదన్నమాట. రంగు తుడిచేసి, రాడ్‌ను మళ్లీ బుష్‌లో పెట్టి, అరచేత్తో ఒక్కటి కొట్టి బిగించింది. రాడ్ పట్టుకుని పైకెత్తితే బుష్ కూడా దానితోపాటే లేచింది. లోపలికొస్తున్న తండ్రికి అలాగే చూపించి, సరిపోయింది నాయినా అంది. చిరంజీవి ముఖం వెలిగిపోయింది.

రేపట్నుంచే రానా అని రాకేష్ అడిగితే, మీ నాయినతో మాట్లాడతాలే అని ఆయన భుజం తట్టాడు. లేత్ మీద పనిచేసే టర్నర్‌ను పెట్టుకోవడానికి తండ్రితో మాటలేమిటో రాకేష్‌కి అర్థం కాలేదు. అయినా అంత సంతోషంలో అదెవరు పట్టించుకుంటారు?

బస్టాండ్‌కి చేరీ చేరగానే తండ్రి పౌలుకి ఫోన్ చేశాడు. తాను తప్పు చేసిందీ, ఒప్పుకున్నదీ, రెండో రాడ్ సంగతీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. నవనీత గురించి మాత్రం రెండుసార్లు చెప్పాడు. తనకన్నా పని తెలిసిన మనిషి, తప్పు చేసినా చిన్నబుచ్చని మనిషి. అలాంటి వాళ్లుంటే వేరే చోటు వెతుక్కోనక్కర్లేదన్నాడు.

అవతల పౌలు నవ్వుతున్నాడు.

"చిరంజీవి ఇప్పుడే ఫోన్ చేసిండురా. గాళ్లకు నువ్వు నచ్చినవ్. నీకు ముందుగాల చెప్పొద్దన్నది గా పిల్లనే. తెలిస్తే మంచోని లెక్క నటిస్తవంట."

"ఏం తెలిస్తే నాయినా?"

"నిన్ను పంపింది పనికి గాదురా, పెళ్లిచూపులకు."