కొట్టి చూసి కొనే కత్తి

మొండయ్య ఆ పొద్దున బస్సెక్కి ఖానాపూర్ వచ్చింది కత్తి కొనడానికి కాదు, దొంగిలించడానికి.

సోమవారం నుంచి అడవిలో వెదురు నరికే పని మొదలవుతుంది. ఎవరి కత్తి వాళ్ళు తెచ్చుకోవాలి, కత్తి లేనివాడు రానక్కరలేదని మేస్త్రీ ముందే చెప్పేశాడు. మొండయ్య కత్తి పోయిన నెలే పిడి దగ్గర పుటుక్కుమంది. కొత్తది కొందామంటే జేబులో తిరుగు చార్జీ తప్ప ఏమీ లేదు. ఈ పని తప్పిపోతే రెండు నెలలు ఇంట్లో కూర్చుని భార్య దేవవ్వ మాటలు వినాలి. అంతకంటే జైలే నయమని అతని లెక్క.

ఉపాయం మాత్రం బాగా కుదిరింది. కత్తులమ్మే సుగ్రా బేగానికి చూపు మందగించిందనీ, ఎన్ని కత్తులు బయట పెట్టిందో ఎన్ని లోపల పెట్టిందో ఆమెకే తెలియడం లేదనీ వారం రోజులుగా సంతలో చెప్పుకుంటున్నారు. పది కత్తులు తీయించాలి. ఇది బాగాలేదు, అది బాగాలేదని తికమక పెట్టాలి. సందు చూసి ఒకటి నడుముకు దోపుకోవాలి. అంతే.

బస్సు దిగుతూ వేములవాడ రాజన్నకు దండం పెట్టుకున్నాడు. పని గట్టెక్కితే కోడెను కడతానని మొక్కుకున్నాడు. దొంగతనానికి దేవుడు తోడొస్తాడా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇష్టం లేకపోతే స్వామే ఏదో అడ్డం వేస్తాడులే అని సర్దుకున్నాడు.

ఏ అడ్డమూ రాలేదు. పైగా అతను ఆమె ఇంటి కిటికీ పక్కన నిలబడి పలకరిస్తే, సుగ్రా బేగం గుమ్మం వైపు తిరిగి ఎవరు నువ్వని అడిగింది. మొండయ్య గుండె నిండిపోయింది.

అడవిలో వాడటానికి మొరటు కత్తి కావాలన్నాడు. ఎంత కొట్టినా విరగకూడదు, వంగకూడదు. ఆమె గోడ తడుముకుంటూ అతన్ని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ తుమ్మ కొమ్మలూ చింత కొమ్మలూ బండెడు కుప్పగా పడి ఉన్నాయి. పక్కనే ఒక మొద్దు. కత్తులు ఒక్కొక్కటే తెచ్చి గోనెపట్టా మీద పెట్టింది. కత్తిని చేతి నుంచి చేతికి అందిస్తే తగవులొస్తాయట. ఆమె కింద పెడుతుంది, కావలసినవాళ్ళు తీసుకోవాలి. ఆ ఆచారం మొండయ్యకు ఎంతో నచ్చింది.

"కత్తిని కండ్లతోని కొనొద్దు బేటా, కొట్టి చూసి కొనాలె," అంది.

మొదటి కత్తి తళతళలాడింది గానీ, నాలుగు కొమ్మలు నరికేసరికి అతని మణికట్టు జివ్వుమంది. వెన్ను పలచన, చూపుకే తప్ప పనికి రాదని ఆమే చెప్పింది. రెండోది మరీ పొడుగు, పొదల్లో తిప్పడానికి వీలుకాదు. మూడోది పిడిలో కదలసాగింది. పాత కత్తి ఎక్కడ విరిగిందని ఆమె అడిగింది. పిడి దగ్గరన్నాడు.

"ఇనుము పిడి ఆఖరు దాక పోవాలె. సగంల ఆగిన ఇనుము అడవిల గూడ సగంలనే ఆగుతది," అంది.

ఒక్క కట్టె మీద కత్తి గుణం తెలియదంది. తుమ్మ మీద చూడమంది, చింత మీద చూడమంది. అన్నీ మూరెడు మూరెడు నరికితేనే ఏది ఎన్ని దెబ్బలకు తెగిందో తేలుతుందంది. మొండయ్య దేనికీ కాదనలేదు. ఎంత ఆలస్యమైతే ఆమె లెక్క అంత తప్పుతుంది కదా. మధ్యలో ఆమె చాయ్ పోసింది. తాగి మళ్ళీ నరికాడు. అంగీ తడిసి ఒంటికి అంటుకుంది.

ఎనిమిదో కత్తి లారీ కమాన్ పట్టీతో చేసినది. నల్లగా, చూడటానికి మోటుగా ఉంది. మూర కంటే కొంచెం తక్కువ, వెన్ను మందం, ఇనుము పిడి చివరిదాకా ఉంది. ఒక్క వేటుకు చింతకొమ్మ రెండు ముక్కలైంది. చేతికి జివ్వుమన్న మాటే లేదు. మొండయ్యకు పట్టరాని సంబరం కలిగింది. ఇక చూడాల్సింది ఏమీ లేకపోయినా, ఆ ఊపులో కుప్పలో మిగిలిన కొమ్మలన్నీ చకచకా నరికి పారేశాడు.

చాయ్ గ్లాసు తీసుకుని సుగ్రా బేగం లోపలికి వెళ్ళింది. అదే సందు. కత్తిని వీపు వైపు అంగీ కిందికి తోసేశాడు. మిగతావాటి మీదికి గోనెపట్టా మడిచేశాడు. ఆమె తిరిగి రాగానే, ఒక్కటీ చేతికి కుదరలేదని, నిర్మల్‌లో చూసుకుంటానని చెప్పాడు. సరే పైలంగా పొమ్మంది. లోలోపల ఎగిరి గంతులేస్తూ, పైకి మాత్రం కొయ్యలా నడుస్తూ అతను వాకిలి దాటాడు.

"ఆగు బేటా."

మొండయ్య ఆగిపోయాడు. ఉరుకుదామంటే వీపున కత్తి. ఈసారి ఆమె గోడ తడుముకోలేదు. నేరుగా అతని ముందుకొచ్చి, ఒక తోలు ఒరను అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఒర లేకుంట గట్ల దోపుకుంటే బస్సుల కూసునేటప్పుడు కోసుకపోతది. గిది గూడ తీస్కపో."

మొండయ్య తప్పయిందని, పోలీసులకు చెప్పవద్దని చేతులు జోడించాడు. చివరికి ఉండబట్టలేక, "అమ్మా, మరి నీకు కండ్లు కానొస్తలేవని సంతల అన్నరు గద?" అని అడిగాడు.

"సంతల గా మాట చెప్పిచ్చింది నేనే," అంది సుగ్రా బేగం. "ఐతారం మా బిడ్డ కైనాత్ నికా, దావత్‌కు కట్టెలు కొట్టెటందుకు కూలోళ్ళు దొరుకుతలేరు, ఇంక రెండు బండ్లు మిగిలినయ్, మీ ఊర్ల ఇంకెవలన్న దొంగలుంటే రేపు పొద్దుగాల జర తోలియ్యి బేటా."